మూడు బ్యాటరీలు కొను బాబీ

ఒరే బాబీ,

పెళ్లి ఫొటోలు తీయడానికి సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఏ6400 కెమెరా కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మర్నాడే నువ్వు "మావయ్యా, బ్యాటరీ బేగి అయిపోతోంది, కెమెరా పాడైందేమో" అని మెసేజ్ పెట్టావు. పాడవలేదురా, అది అంతే. నువ్వు నా పాత నికాన్ డీ7000 చూస్తూ పెరిగావు కాబట్టి నీకలా అనిపిస్తోంది. ఆ కెమెరాలో కన్ను పెట్టి చూసేది లెన్స్‌లోంచి అద్దం మీద పడి వచ్చే వెలుగు, దానికి కరెంటు అక్కర్లేదు. నీది అద్దం లేని మిర్రర్‌లెస్, దాన్లో స్విచ్ వేసిన దగ్గర్నుంచి సెన్సారు పనిచేస్తూనే ఉండాలి, ఆ బొమ్మని స్క్రీనుకో వ్యూఫైండర్‌కో పంపుతూనే ఉండాలి, నువ్వు ఒక్క ఫొటో తీయకపోయినా సరే. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా పెట్టిన పద్ధతిలో కొలిస్తే డీ7000కి ఒక ఛార్జింగుతో 1050 ఫొటోలు, నీ దానికి స్క్రీన్ చూస్తూ తీస్తే 410, వ్యూఫైండర్‌లో చూస్తూ తీస్తే 360.

ఆ 410ని మాత్రం పట్టుకుని కూర్చోకు. బర్స్ట్‌లో టకటకా తీస్తే వెయ్యి కూడా దాటొచ్చు, మండపం పక్కన కెమెరా ఆన్‌లో పెట్టుకుని పంతులుగారి కోసం నిలబడితే రెండొందలకే అయిపోవచ్చు. ఖర్చంతా ఎదురుచూడటంలోనే ఉంది, అందుకే ఫొటోల్లో కాకుండా గంటల్లో లెక్కేసుకో.

ఇది నాకు విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో తెలిసొచ్చింది. మిర్రర్‌లెస్ కొన్న ఏడాది, మధ్యాహ్నం నుంచి మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర జనంలో ఇరుక్కుని నిలబడ్డాను. కెమెరా మెడలో ఉంది, వ్యూఫైండర్ నా పొట్టకి ఆనుకుని ఉంది. దాని పక్కనుండే కంటి సెన్సారుకి అది కన్నో పొట్టో ఏం తెలుస్తుంది, ఎవరో చూస్తున్నారనుకుని లోపల బొమ్మ వెలిగించుకునే కూర్చుంది. ఊరేగింపులో పాలధార వెళ్లింది, తెల్ల ఏనుగు వెళ్లింది, అంజలి రథం వెళ్లింది, నేను తీసినవి డెబ్బై ఎనభై కూడా ఉండవు. తీరా సిరిమాను మలుపు తిరిగే వేళకి బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. జేబులో స్పేర్ ఉంది కదా అనే ధైర్యంతో మార్చాను. అది చవగ్గా దొరికిందని కొన్న పేరులేని సరుకు, 46 శాతం చూపించి ఒక్కసారిగా ఆరిపోయింది. సిరిమాను చివర కూర్చున్న పూజారి గారు నా నెత్తి మీదుగా వెళ్తుంటే చచ్చిన కెమెరా చేతిలో పట్టుకుని అందరితో పాటు అరటిపండు విసిరి దండం పెట్టుకున్నాను. మీ అత్తయ్య ఇప్పటికీ "ఆ ఏడాది ఒక్కసారే భక్తితో చూశారు" అని దెప్పుతుంది.

అందుకని మెడలో వేసుకున్నప్పుడు స్విచ్ కట్టెయ్యి. పవర్ సేవ్ ఒక నిమిషానికి పెట్టు. ప్రీ-ఏఎఫ్ ఆపెయ్యి, నువ్వు బటన్ నొక్కకపోయినా అది ఫోకస్ వెతుకుతూనే ఉంటుంది. ఫోన్‌కి ఫొటోలు పంపాల్సిన పని లేనంతసేపు ఎయిర్‌ప్లేన్ మోడ్ ఉంచు. తీసిన ప్రతి ఫొటో వెనక్కి తిప్పి చూసుకోవడం నీకు అలవాటు, అది కూడా బ్యాటరీ ఖర్చే.

ఎన్ని కొనాలన్నావు కదా. కెమెరాతో వచ్చినది కాక ఇంకో రెండు, మొత్తం మూడు. వీడియో కూడా తీస్తావా, అయితే ఇంకోటి వేసుకో, ఎందుకంటే వీడియోకి లెక్క నిమిషాల్లోకి దిగిపోతుంది. నీ కెమెరాకి పట్టేది ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50, చిన్నది, దాన్లో పట్టే ఛార్జింగు 1020 ఎంఏహెచ్. నా ఏ7-3 కెమెరాలో ఉండే ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 2280 ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకు, నీ కెమెరాలో పట్టదు. కనీసం ఒకటి ఒరిజినల్ తీసుకో, మిగతావి పేరున్న వేరే కంపెనీవి అయినా పర్వాలేదు. కానీ అదే సైజు డబ్బాలో రెట్టింపు ఎంఏహెచ్ అని రాసుంటే ఆ షాపులోంచి బయటకి వచ్చెయ్.

ఛార్జర్ సంగతి మర్చిపోయేవు. ఈ కెమెరాకి కంపెనీ వాడు విడి ఛార్జర్ ఇవ్వడు, బాడీలోనే పెట్టి కేబుల్ గుచ్చాలి, అలా ఒక్కోదానికీ రెండున్నర గంటలు పడుతుంది. మూడు నింపడానికి లేచి లేచి మారుస్తూ రాత్రంతా జాగారమే. రెండు గళ్ల ఛార్జర్ ఒకటి కొనుక్కో. పవర్ బ్యాంక్ కూడా ఉంచుకో, మెనూలో యూఎస్‌బీ పవర్ సప్లై ఆన్ చేస్తే కెమెరా వాడుతూనే దాని మీద నడిపించుకోవచ్చు. మీ వైపు గాలి గట్టిగా వీస్తే కరెంటు ఉండదు, 2018లో తిత్లీ తుఫాను అప్పుడు మీ ఉద్దానం ఎన్ని రోజులు చీకట్లో ఉందో మీ నాన్నకి తెలుసు.

పెళ్లిలో ఇలా చెయ్యి. బ్యాటరీల మీద మార్కర్‌తో 1, 2, 3 అని రాసుకో. నిండువి ఎడమ జేబులో, వాడేసినవి కుడి జేబులో, తాళాలూ చిల్లరా ఉన్న జేబులో మాత్రం వద్దు, రెండు కొనలూ ఇనుముకి తగిలితే కాలిపోతుంది. ఎర్రగుర్తు వచ్చేదాకా ఆగకు. జీలకర్ర బెల్లానికి ముందు ఒకసారి, తాళికి ముందు ఒకసారి, సగం ఉన్నా సరే తీసి నిండుది వేసెయ్, ఆ సగందాన్ని తర్వాత భోజనాల దగ్గర వాడుకోవచ్చు. తలంబ్రాలప్పుడు కెమెరా బ్యాటరీ తలుపు తెరిచావంటే బ్యాటరీతో పాటు బియ్యం కూడా లోపలికి పోతాయి, నవ్వకు, నాకు జరిగింది.

ఎండాకాలం బండి డిక్కీలో వదిలెయ్యకు, వేడికే వీటి ఆయుష్షు పోతుంది. మూఢంలో రెండు నెలలు పని లేకపోతే సగం ఛార్జింగుతో బయటకి తీసి దాచు. విమానం ఎక్కితే స్పేర్లు చేతి సంచిలోనే, లగేజీలో వెయ్యనివ్వరు.

ఇంకొకటి. ఆ కెమెరాతో వచ్చిన పాత బ్యాటరీని అద్దం బల్ల మీద పడుకోబెట్టి వేలితో తిప్పి చూడు. గిర్రున తిరిగిందంటే మధ్యలో ఉబ్బిందన్నమాట. అలాంటిది ఒకసారి నా కెమెరాలో బిగిసిపోతే బాడీ విప్పించాల్సి వచ్చింది. తిరిగితే మళ్లీ కెమెరాలో పెట్టకు, ఛార్జింగ్ పెట్టకు, నొక్కకు, చెత్తబుట్టలో పడెయ్యకు. కొరియర్‌లో కూడా వెయ్యకు. బావ శనివారం విజయనగరం వస్తానన్నాడు, విడిగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆయన చేతికిచ్చి పంపు, ఇక్కడ ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి నేనిస్తాను. తిరగకపోతే దాని మీద 3 అని రాసి ఉంచుకో.

మీ మావయ్య