స్టోరేజ్ హీటర్ల ఫ్లాటా, గ్యాస్ బాయిలర్ ఇల్లా? యూకేలో అద్దెకు దిగేముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా: మాంచెస్టర్‌లో రెండు ఇళ్లు చూశారు. సిటీ సెంటర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు ఒకటి. దానికి గ్యాస్ లేదు, గోడలకు ఎలక్ట్రిక్ స్టోరేజ్ హీటర్లున్నాయి (రాత్రి చవక కరెంటుతో వేడి నింపుకుని పగలు వదిలేవి). రెండోది కాస్త దూరంగా టెర్రస్ ఇల్లు (పక్క ఇళ్లతో గోడలు కలిసిన వరస ఇల్లు), గ్యాస్ బాయిలరు, రేడియేటర్లు. ఫ్లాటు అద్దె నెలకు 60 పౌండ్లు తక్కువ. మీవారు ఆఫీసుకు వెళ్తారు, మీరు రెండేళ్ల పాపతో ఇంటినుంచే పని చేస్తారు. చలికాలం ఖర్చు ఎందులో తక్కువ అని అడిగారు.

యూనిట్ వేడికి అయ్యే ఖర్చు ఒక్కటే చూస్తే గ్యాసే చవక, అందులో అనుమానం లేదు. కానీ మీ విషయంలో ఫ్లాటును అప్పుడే కొట్టిపారేయక్కర్లేదు. స్టోరేజ్ హీటరు వేడి పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. పగలంతా ఇంట్లో ఉండేవాళ్లకు అది పనికొస్తుంది. తొమ్మిదికి వెళ్లి ఏడింటికి వచ్చే జంటకు మాత్రం దండగ.

లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసుకున్న రేట్లు, మీకు వచ్చే కొటేషన్‌లోవి పెట్టి మళ్లీ వేసుకోండి. రాత్రి కరెంటు యూనిట్ 15 పెన్సులు, పగలు 33, రెండు రేట్లు లేని మామూలు ప్లాన్‌లో 27, గ్యాస్ 7. హాల్లో 3.4 కిలోవాట్ల హీటరు, బెడ్‌రూములో 1.7 కిలోవాట్లది ఏడు గంటలు పూర్తిగా ఛార్జయితే 35.7 యూనిట్లు. రాత్రి రేటుకు రోజుకు 5.36 పౌండ్లు. అంతే వేడి 90 శాతం సామర్థ్యమున్న బాయిలరు ఇవ్వాలంటే దాదాపు 40 యూనిట్ల గ్యాసు, 2.78 పౌండ్లు. గ్యాసుకు విడిగా, వాడినా వాడకపోయినా పడే స్టాండింగ్ ఛార్జి రోజుకు 30 పెన్సులనుకుంటే 3.08. ఫ్లాటులో వంటకు, లైట్లకు పగలు వాడే కరెంటు కూడా 33 చొప్పునే, అంటే మామూలు 27 కన్నా 6 ఎక్కువ పడుతుంది కాబట్టి రోజుకు 8 యూనిట్ల మీద ఇంకో 48 పెన్సులు కలపండి. తేడా రోజుకు 2.76, నెలకు సుమారు 83 పౌండ్లు.

అయితే రెండు హీటర్లూ పూర్తిగా నింపాల్సిన చలి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. అద్దె తేడా పన్నెండు నెలలూ మిగులుతుంది. పైగా మధ్య అంతస్తు ఫ్లాటుకు పైనా కిందా పక్కనా వేడి ఇళ్లే ఉంటాయి. పాత టెర్రస్ ఇంటికి పైకప్పు, ముందుగోడ, వెనకగోడ, నేల అన్నీ చలికి తగులుతాయి, అక్కడ 40 యూనిట్ల గ్యాసు చాలదు. అందుకే నా ఓటు ఫ్లాటుకే, కానీ మీటరు సరైనదైతేనే. అవే 35.7 యూనిట్లు మామూలు 27 పెన్సుల ప్లాన్‌లో కాలిస్తే రోజుకు 9.64 పౌండ్లు. "స్టోరేజ్ హీటర్లతో నెలకు 300 వచ్చింది" అని వాట్సాప్ గ్రూపుల్లో వాపోయేవాళ్లలో చాలామందికి అసలు రోగం ఇదే.

కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు మీటరు దగ్గరికి వెళ్లండి. దానిలో రెండు రీడింగులు ఉండాలి. ఎకానమీ 7 అనే ఈ రెండు రేట్ల పద్ధతి 1978 నుంచీ ఉంది. చలికాలంలో సాధారణంగా అర్ధరాత్రి 12.30 నుంచి 7.30 దాకా చవక రేటు, ప్రాంతాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. పాత మీటర్ల గడియారం వేసవిలో గంట ముందుకు జరగదు, అప్పుడు 1.30 నుంచి 8.30 అవుతుంది. వాషింగ్ మెషిన్‌కు టైమరు పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మీటరు పక్కన రేడియో టెలీస్విచ్ అని రాసున్న నల్ల డబ్బా కనిపిస్తే, స్మార్ట్ మీటరు పెట్టించాకే దిగుతామని చెప్పండి. అది బీబీసీ రేడియో 4 లాంగ్‌వేవ్ ప్రసారంతో వచ్చే సంకేతం మీద నడిచేలా చేసినది. ఆ సేవను 2025 జూన్ 30 నుంచి దశలవారీగా ఆపేయడం మొదలుపెట్టారు. సంకేతం ఆగితే హీటర్లు అసలు ఛార్జి కాకపోవచ్చు, లేదా తప్పు వేళలో కావచ్చు.

దిగిన మొదటి రోజే ఒక పరీక్ష చేయండి. పడుకునేముందు రెండు రీడింగులూ ఫొటో తీయండి, పొద్దున ఎనిమిదిన్నరకు మళ్లీ తీయండి. రాత్రి రీడింగు బాగా పెరిగి పగటిది కాస్తే కదిలితే సరే. తిరగబడి ఉంటే సరఫరా కంపెనీ రికార్డుల్లో పగలూ రాత్రీ తారుమారయ్యాయేమో అడగండి. రెండూ కదలకపోతే హీటర్లకు కరెంటే రావడం లేదు. ఈ ఇళ్లలో రాత్రి లైనుకు విడిగా ఇంకో ఫ్యూజ్ బాక్స్ ఉంటుంది, అది చాలాసార్లు అల్మరాలో సామాను వెనక దాక్కుని ఉంటుంది. ముందు అక్కడి ట్రిప్ స్విచ్‌లు, తర్వాత ఒక్కో హీటరు పక్కన గోడమీది స్విచ్ చూడండి.

ఇక నాబ్‌లు. రాత్రి మాత్రమే నీళ్లొచ్చే వీధిలో సంపు నింపుకుని పగలు వాడుకోవడం లాంటిదే ఇది. ఇన్‌పుట్ నాబ్ సంపు ఎంత నిండాలో చెబుతుంది, ఔట్‌పుట్ నాబ్ పగలు కుళాయి ఎంత తిప్పాలో చెబుతుంది. డబ్బా లోపల బరువైన ఇటుకలుంటాయి, రాత్రంతా ఎలిమెంట్లు వాటిని వందల డిగ్రీలకు కాలుస్తాయి. ఔట్‌పుట్ తిప్పితే పైన గ్రిల్ వెనక రేకు మూత తెరుచుకుని గాలి ఆ ఇటుకల మీదుగా బయటికొస్తుంది. పడుకునేముందు ఔట్‌పుట్ కచ్చితంగా 1కి తిప్పాలి. దాన్ని 6లో వదిలేస్తే ఛార్జవుతూ ఉండగానే వేడి గదిలోకి పోతుంది. తెల్లారి మూడింటికి ఉక్కపోత, సాయంత్రం నాలుగింటికి ఇటుకలు చల్లన. పొద్దున 2, మధ్యాహ్నం 3, సాయంత్రం ఐదు దాటాక 5 లేదా 6, ఇలా పెంచుకుంటూ పోండి. ఇన్‌పుట్ మాత్రం రేపటి వాతావరణం చూసి ఈ రాత్రే పెట్టాలి. ఇప్పుడు చలేసిందని ఇప్పుడు తిప్పితే ఫలితం రేపు పొద్దున.

హీటరు మీద బూస్ట్ అనో కన్వెక్టర్ అనో ఇంకో స్విచ్ ఉంటే అది పగటి 33 పెన్సుల కరెంటుతో నడుస్తుంది. రాత్రి ఎనిమిదికి పాప స్నానం వేళ ఒక గంట వేసుకోండి, ఫరవాలేదు. రోజూ నాలుగు గంటలు వాడాల్సి వస్తోందంటే ఇన్‌పుట్ చాలడం లేదన్నమాట. 2018 నుంచి తయారైన మోడళ్లకు నాబ్‌ల బదులు డిజిటల్ థర్మోస్టాట్, చాలావాటికి ఫ్యానూ ఉంటాయి. అలాంటివున్న ఫ్లాటయితే పైన చెప్పిన తిప్పుళ్లు సగానికి సగం తగ్గుతాయి. పైకి అదే ఆకారంలో ఉన్నా పల్చగా, తేలిగ్గా ఉండే ప్యానెల్ హీటర్లతో మోసపోకండి, వాటిలో నిల్వ ఉండదు. తట్టి చూస్తే తెలిసిపోతుంది. స్టోరేజ్ హీటరు వంద కిలోలు దాటేవీ ఉంటాయి, కదలదు.

దానిమీద పాప బట్టలు ఆరేయొద్దు. గాలి ఆడక లోపలి కటౌట్ (వేడి మితిమీరితే కరెంటు ఆపే స్విచ్) ట్రిప్పయి హీటరు ఆగిపోతుంది, నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. పాప చేతికి అందకుండా చుట్టూ జాలీ పెట్టుకోండి, కానీ ఆనించి కాదు. ఒకే గదిలోది చల్లబడి మిగతావి వేడిగా ఉంటే చాలావరకు కటౌటో, ఎలిమెంటో పోయినట్టు. ఎలక్ట్రీషియన్‌ను ఓనరు పంపాలి, మీరు మూత విప్పకండి.

వేడినీళ్ల సిలిండరుకు సాధారణంగా రెండు ఇమ్మర్షన్ ఎలిమెంట్లు, ఒక్కోటి 3 కిలోవాట్లు. కిందిది రాత్రి లైను మీద, పైది పగలు బూస్టుకు. పైది ఎప్పుడూ ఆన్‌లో వదిలేయడం బిల్లు పెరగడానికి ఇంకో మామూలు కారణం. థర్మోస్టాట్ 60 డిగ్రీల దగ్గర ఉంచండి. అంతకు తగ్గిస్తే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియోనెల్లా బాక్టీరియా పెరిగే వీలుంటుంది.

టెర్రస్ ఇంటికే మొగ్గితే చూడాల్సినవి తక్కువ. ఏడాదిలోపు తీసిన గ్యాస్ సేఫ్టీ రికార్డు ఓనరు మీరు దిగేముందే ఇవ్వాలి, చట్టం అది. బాయిలరు చల్లగా ఉన్నప్పుడు ప్రెషరు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. వారం వారం పడిపోతుంటే ఎక్కడో కారుతోంది. రేడియేటరు పైన చల్లగా ఉంటే గాలి చేరింది, కీతో వదిలేయొచ్చు. కింద చల్లగా ఉంటే మడ్డి పేరుకుంది, అది మీ చేతిలో పని కాదు. కాంబి బాయిలరైతే (సిలిండరు లేకుండా అప్పటికప్పుడు వేడినీళ్లిచ్చేది) రేడియేటర్లకు వెళ్లే నీటి వేడిని 75 నుంచి 60కి తగ్గించి చూడండి, ఇల్లు వేడెక్కడానికి కొంచెం ఆలస్యమైనా గ్యాసు తగ్గుతుంది. గడ్డకట్టే చలిలో బాయిలరు ఆగిపోతే, ముందు బయటికి వెళ్లే తెల్ల ప్లాస్టిక్ కండెన్సేట్ పైపు (బాయిలరులో ఆవిరి చల్లబడి చేరే నీళ్లు పోయే గొట్టం) మీద గోరువెచ్చని నీళ్లు పోయండి. మరిగే నీళ్లు వద్దు, పైపు పగులుతుంది.

ఫ్లాటు ఏజెంటుకు ఈరోజే మెయిల్ పెట్టండి: మీటరు ఫొటో, హీటర్ల మోడల్ నంబర్లు, ఈపీసీ (ఇల్లు ఇంధనం ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే సర్టిఫికెట్). ఈపీసీలో ప్రధాన తాపనం అన్నచోట స్టోరేజ్ హీటర్లా, రూమ్ హీటర్లా అన్నది రాసే ఉంటుంది. ఫొటో వచ్చాక ఇక్కడ పెడితే రెండు రేట్ల మీటరో కాదో చెప్తాను.