నాన్న అడుగుతున్నారు, ఏం చెప్పను?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. నాన్నకు 64 ఏళ్లు. పాంక్రియాస్ క్యాన్సర్ లివర్‌కు పాకిందని, ఇక కీమోతో లాభం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. నాన్నతో మాత్రం అల్సర్ అని చెప్పాం. రాత్రంతా నొప్పితో మూలుగుతున్నారు. మార్ఫిన్ మాత్రలు రాసిచ్చారు కానీ, అలవాటైపోతుందని అన్నయ్య వేయనివ్వడం లేదు. నిన్న నాన్న “నాకేమైంది బిడ్డా?” అని అడిగితే బయటికొచ్చి ఏడ్చాను.

జవాబు: అమ్మా, ముందు ఆ నొప్పి తగ్గాలి. అంత బాధలో ఉన్న మనిషితో ఏ మాటా సాగదు. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో మార్ఫిన్ వాడితే అది వ్యసనంగా మారడం చాలా అరుదు, ప్రాణం త్వరగా పోవడమూ ఉండదు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా, చెప్పిన టైమ్‌కి వేయాలి. మొదటి కొద్ది రోజులు మగత, వికారం ఉండొచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, దానికీ మందు రాయించుకోండి. మధ్యలో నొప్పి లేస్తే అదనంగా ఎంత వేయాలో, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాయించుకోండి. అన్నయ్యతో వాదించకండి. ఆయన్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఆ భయమేదో ఆయన నోటితోనే అడగనివ్వండి. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ సెంటర్లున్నాయి, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించి చూసుకునే చోట్లు. ఇంటికొచ్చి చూసే ‘ఆలన’ టీమ్ మీ ఊరికి వస్తుందేమో అక్కడ కనుక్కోండి.

ఇక నాన్న అడిగిన మాట. ఆయనకు చాలావరకు తెలిసిపోయే ఉంటుందని నా నమ్మకం. చుట్టాలు వరసగా వచ్చి చూసిపోతుంటే, గుమ్మం అవతల గొంతులు తగ్గించి మాట్లాడుకుంటుంటే ఎవరికి అర్థం కాదు? మీరు దాచే కొద్దీ ఆయన ఆ భయాన్ని ఒక్కరే మోయాల్సి వస్తుంది.

మళ్లీ అడిగినప్పుడు లేచి వెళ్లకండి. “నీకేమనిపిస్తోంది నాన్నా?” అని అడిగి, ఆగండి. “ఇది తగ్గేది కాదేమో” అంటే “అట్లా అనకు” అని నోరు మూయించొద్దు. చెయ్యి పట్టుకుని “అవును నాన్నా, తగ్గడం కష్టమన్నరు. నొప్పి తగ్గేటట్టు చూసుకుంటం, నేను ఇక్కడే ఉంట” అనండి. కన్నీళ్లొస్తే ఆయన ముందే రానివ్వండి. “నాకేం చెప్పకు” అంటే అక్కడితో ఆపేయండి, తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఆయనదే. చెప్పాల్సిన రోగం పేరు కంటే, ఆయన చెప్పాలనుకునేవి ఎక్కువుండొచ్చు: పొలం పాసుబుక్కు, ఎవరికో ఇవ్వాల్సిన బాకీ, గొడవపడి మాటలు మానేసిన తమ్ముడు. “ఎవరినైనా చూడాలనుందా?” అని ఒక్కసారి అడిగి చూడండి.

అమ్మ తినమని బలవంతం చేస్తున్నారేమో చూడండి, చాలా ఇళ్లలో జరిగేదే. ఈ దశలో ఆకలి పోయేది జబ్బు వల్ల. లేపి కూర్చోబెట్టి, అడిగినప్పుడు రెండు చెంచాలు చాలు. నోరు ఎండిపోతుంటే తడి దూదితో పెదాలు తుడవాలి. ఆ పని అమ్మకు అప్పగించండి, ఆమెకూ ఆయన పక్కన కూర్చునే వీలు దొరుకుతుంది.