నాసిక్ ద్రాక్ష మా కవిటిలో కాస్తుందా?

ప్రశ్న: మా అల్లుడు నాసిక్ దగ్గర ద్రాక్షతోటలో సూపర్‌వైజరు. పండక్కి వస్తూ షెనిన్ బ్లాంక్ అంట్లు పాతిక తెచ్చాడు. తెల్ల వైన్ చేసే ద్రాక్షట. టిట్లీ తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోయిన అరెకరం ఖాళీగానే ఉంది. వేయమంటారా? ఇంట్లో వైన్ చేసుకోవచ్చా?
– ఒక రైతు, కవిటి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అరెకరంలో వద్దండి. సరదా తీరకపోతే పెరట్లో రెండు పెట్టుకోండి.

నేనూ నాసిక్ తోటల్లో తొమ్మిదేళ్లు పనిచేసి నరసన్నపేట తిరిగొచ్చినవాణ్ణే. అక్కడ తీగని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరు ప్రాంతంలో కాయ కోసం. రెండో కత్తిరింపు తర్వాత వచ్చే లేత చిగురూ పూతా పొడిగా ఉండాలి. మనకి అక్టోబరు అంటే ఏటి? 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న తీరం దాటాయి. 2018లో టిట్లీ 11న. తుఫాను రాని ఏడు కూడా ముసురు, ఉక్క తప్పవు. ఆకు అడుగున తెల్లగా బూజు తెగులు పట్టిందంటే పూత నిలవదు.

సరే, కాయ నిలిచిందనుకోండి. ఈ రకం పుట్టిల్లు ఫ్రాన్స్‌లో లువార్ నది లోయ. దక్షిణాఫ్రికాలో దీన్నే స్టీన్ అంటారు. దాని గొప్పంతా పులుపులో ఉంది. ఆ పులుపు వల్లే తీపి లేని (డ్రై) వైన్, తీపి వైన్, నురగ వైన్ అన్నీ దీంతో కుదురుతాయి. నాసిక్ సుమారు ఆరువందల మీటర్ల ఎత్తులో ఉంది, చలికాలం రాత్రులు బాగా చల్లబడతాయి కాబట్టి కాయలో పులుపు నిలుస్తుంది. సముద్రం పక్కన, వెచ్చటి రాత్రుల్లో అది కరిగిపోయి, ఉత్త తీపి మిగులుతుంది.

ఇక ఇంట్లో వైన్ మాట. లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు కేసు. పైగా తెల్ల వైన్ మహా పెంకిది. ఎర్రదాన్ని తొక్కలతోనే పులియబెడతారు. దీనికైతే ముందే రసం పిండి తొక్కలు తీసేసి, పదిహేను డిగ్రీల చలువలో రోజుల తరబడి మెల్లగా పులియనివ్వాలి. వేడెక్కితే వాసనంతా పోతుంది. మన వంటింట్లో ఆ చలువ ఎక్కడ్నుంచి తెస్తారు?

ఆ అరెకరంలో మళ్లీ కొబ్బరే వేయండి, గట్టు మీద పనస. నేను తెచ్చిన అంట్లు మూడేళ్లలో నాలుగు గుత్తులిచ్చాయి, అవీ పిచ్చుకలకే. ఇప్పుడు ఆ పందిరికి మా ఆవిడ ఆనపపాదు పాకించింది.