మొదటి అధ్యాయమే కొరుకుడు పడకపోతే ఫిజిక్స్ వదిలేయాలా?

ప్రశ్న: నేను పదకొండో తరగతి చదువుతున్నాను. ఇంజినీరింగ్ చేయాలని కోరిక. కానీ ఫిజిక్స్‌లో సరళరేఖాత్మక గమనం దగ్గరే ఆగిపోయాను. v = u + at, s = ut + ½at², v² = u² + 2as అనే మూడు సమీకరణాలూ (u తొలి వేగం, v తుది వేగం, a త్వరణం, t కాలం, s స్థానభ్రంశం) కంఠతా వచ్చు, లెక్కలు మాత్రం తప్పుతున్నాయి. ఉదాహరణకు ఈ లెక్క: కారు సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళ్తోంది. డ్రైవరు అడ్డంకిని చూసిన 1 సెకనుకు బ్రేకు వేశాడు. అక్కడి నుంచి వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గింది. చూసిన క్షణం నుంచి ఆగేదాకా కారు ఎంత దూరం వెళ్లింది? మొత్తం 5 సెకన్లు కదా అని సూత్రంలో వేస్తే 37.5 మీటర్లు వచ్చింది. పుస్తకంలో జవాబు 60. ఇంత చిన్న లెక్కే రాకపోతే ఇంజినీరింగ్ ఎలా చదువుతానని టెన్షన్‌గా ఉంది. గ్రూపు మారిపోమంటారా?

జవాబు: ఇప్పుడే మారొద్దు. మీరు రాసిన లెక్క చూశాకే ఈ మాట చెబుతున్నాను. గుణకారం, తీసివేత అన్నీ సరిగ్గానే చేశారు. పొరపాటు ఒక్కచోటే జరిగింది. ఆ 5 సెకన్లూ ఒకే రకమైన ప్రయాణం అనుకున్నారు. మొదటి సెకను కారు సమవేగంతో పోయింది, అప్పుడు త్వరణం, అంటే వేగం మారే రేటు, సున్నా. మిగతా 4 సెకన్లు సమత్వరణం, అదీ వేగానికి ఎదురు దిశలో. మీరేమో మొదటి క్షణం నుంచే బ్రేకు వేసేశారు. అలా వేస్తే కారు 4 సెకన్లకే, 40 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. బ్రేకు వేసిన కారు వెనక్కి నడవదని సూత్రానికి తెలియదు కదా! ఐదో సెకనులోనూ అదే త్వరణం కొనసాగించి, కారును 2.5 మీటర్లు వెనక్కి తెచ్చింది. మీకు వచ్చిన 37.5 అక్కడిదే.

ఇప్పుడు సూత్రాలు పక్కన పెట్టి ఒక గ్రాఫ్ గీయండి. అడ్డంగా కాలం, నిలువుగా వేగం. మొదటి సెకనంతా 20 ఎత్తులో సమాంతరంగా ఒక గీత. అక్కడి నుంచి 4 సెకన్లలో సున్నాకు దిగే వాలు గీత. గీతల కింద ముందు ఒక దీర్ఘచతురస్రం, దాని వైశాల్యం 20. పక్కనే త్రిభుజం, దాని వైశాల్యం 4, 20ల లబ్ధంలో సగం, అంటే 40. మొత్తం 60 మీటర్లు. గీత వాలే త్వరణం, గీత కింది వైశాల్యమే స్థానభ్రంశం, అంటే బయల్దేరిన చోటు నుంచి జరిగిన దూరం. మొదటి రెండు సమీకరణాలూ ఈ రెండు మాటల్లోనే ఉన్నాయి. ఆ రెండింటి మధ్య కాలాన్ని తొలగిస్తే మూడోది వస్తుంది.

ఈ పద్ధతికి చాలా చరిత్ర ఉంది. వేగాన్ని ఇలా బొమ్మగా గీసి వైశాల్యంతో దూరం చెప్పడం 14వ శతాబ్దంలో ఫ్రెంచ్ పండితుడు నికోల్ ఒరేమ్ చేశాడు. నిశ్చలస్థితి నుంచి సమత్వరణంతో కదిలే వస్తువు వరుస సెకన్లలో పోయే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయని గెలీలియో 1638లో అచ్చయిన గ్రంథంలో రాశాడు. త్రిభుజాన్ని సమాన కాల వ్యవధులతో నిలువుగా ముక్కలు చేసి చూడండి, ఆ బేసి సంఖ్యలు మీకే కనిపిస్తాయి. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఇక కెరీర్ సంగతి. ఉద్యోగంలో మూడు సమీకరణాలు అప్పజెప్పమని ఎవరూ అడగరు. త్వరణం ఎక్కడిదాకా స్థిరంగా ఉంది, ఎక్కడ మారింది అన్నది గుర్తించడమే అక్కడ పని. మీరు తడబడింది సరిగ్గా అక్కడే, కాబట్టి దాన్ని ఇప్పుడే సరిచేసుకోవడం మంచిది. రోబో చేతులను, లిఫ్టులను నడిపించే ఇంజినీర్లు వేగం పెరిగే దశ, సమవేగ దశ, తగ్గే దశ అని ముందే గ్రాఫ్ వేసుకుంటారు. చాలాచోట్ల అది ట్రెపీజియం ఆకారంలో ఉంటుంది, అంటే మీ కారు బొమ్మకు ముందు ఇంకో త్రిభుజం చేర్చినట్టే. రైల్వే సిగ్నళ్ల మధ్య ఎంత దూరం ఉండాలో లెక్కించేవాళ్లకు వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుందన్న విషయం ప్రాణాలతో ముడిపడినది. వీడియో గేముల ప్రోగ్రామర్లకూ, రోడ్డు ప్రమాదాల్లో టైరు జాడల పొడవును బట్టి వేగం అంచనా వేసేవాళ్లకూ ఈ లెక్కలే కావాలి.

ఇంకొకటి చూడండి. త్వరణాన్ని కొలిచే సెన్సర్ల ఆధారంగా డ్రోన్ తన స్థానం తెలుసుకుంటోందనుకుందాం. సెన్సర్‌లో సెకను వర్గానికి 0.01 మీటరు స్థిరమైన తేడా ఉన్నా, ఒక్క నిమిషంలో స్థానం 18 మీటర్లు తప్పుతుంది. దోషం కాలం వర్గంతో పెరుగుతుంది మరి. అందుకే జీపీఎస్ లాంటి వాటితో మధ్యమధ్యలో సరిచేస్తుంటారు. ఈ 18 ఎలా వచ్చిందో మీరే లెక్క కట్టండి. మీ రెండో సమీకరణం చాలు.

రెండు వారాలు ఇలా చేయండి. ఏ లెక్కకైనా సూత్రం రాసే ముందు ఏ దిశను ధనాత్మకంగా తీసుకున్నారో రాయండి, ప్రయాణం ఎన్ని భాగాలో విడదీయండి, గ్రాఫ్ గీయండి. గుర్తుల దగ్గర తొందరపడకండి. త్వరణం రుణాత్మకమైతే వడి (దిశతో పని లేకుండా వేగం ఎంతన్నది) తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. పై దిశను ధనాత్మకంగా తీసుకుంటే, కిందికి పడే బంతి త్వరణం రుణాత్మకమే, కానీ దాని వడి పెరుగుతోంది. పైకి విసిరిన బంతికి అత్యున్నత బిందువు దగ్గర వేగం సున్నా అయినా త్వరణం సెకను వర్గానికి 9.8 మీటర్లు, కిందికే ఉంటుంది. అది కూడా సున్నా అయితే బంతి అక్కడే నిలిచిపోవాలి.

అలా చేశాక లెక్కలు వస్తుంటే ఈ భయానికి ఆధారం లేనట్టే. లెక్కలు వస్తున్నా వాటి మీద ఏమాత్రం ఆసక్తి కలగకపోతే అది వేరే సంగతి, అప్పుడు గ్రూపు మార్పు గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం. మారడానికి ఆఖరి తేదీ ఎప్పుడో మాత్రం కాలేజీలో ఈ వారమే కనుక్కోండి, ఈ రెండు వారాలూ దానికి ముందే పూర్తయ్యేలా చూసుకోండి.