కిడ్నీ మార్పిడి తర్వాత మూత్రం ఎర్రగా వచ్చిందా?

ప్రశ్న: నా వయసు 47. ఐదేళ్లు డయాలసిస్ అయ్యాక, తొమ్మిదేళ్ల క్రితం మా అమ్మ ఇచ్చిన కిడ్నీ పెట్టారు. చివరిసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును చూపే రక్తపరీక్ష) 1.3 ఉంది. మార్పిడి చేయించుకున్నవాళ్లకు కిడ్నీ క్యాన్సర్ ఎక్కువని, రిజెక్షన్ (శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించడం) రాకుండా వాడే మాత్రలే దానికి కారణమని చదివాను. భయమేసి రెండు నెలలుగా ఆ మాత్రల్లో ఒకటైన టాక్రోలిమస్ రాత్రిపూట వేసుకోవడం మానేశాను. అమ్మ ఇచ్చిన కిడ్నీకి క్యాన్సర్ వస్తుందా? పాత కిడ్నీలు తీయించుకుంటే మంచిదా? (గత నెలలో రెండుసార్లు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, దానంతటదే తగ్గింది.) - ఒక పాఠకుడు

జవాబు: మీరు బ్రాకెట్లో పెట్టి వదిలేసిన మాటే నన్ను ఆపింది. నొప్పి, మంట లేకుండా మూత్రం ఎర్రగా వస్తే, ఒక్కసారే అయినా పరీక్ష చేయించాల్సిందే. తగ్గిపోయిందని ఊరుకోకూడదు. కణితి నుంచి వచ్చే రక్తం కూడా అలాగే కనిపించి ఆగిపోతూ ఉంటుంది. మీకు క్యాన్సర్ ఉందని నేను అనడం లేదు. ఇన్ఫెక్షన్, రాయి, కొన్ని మందులు, ఇలా ఎన్నో కారణాలు ఉండొచ్చు. మిమ్మల్ని చూడకుండా ఏదీ తేల్చలేను. కానీ నెల రోజులు ఆలస్యమైంది, ఇక ఆగొద్దు. మూత్రపరీక్ష, కల్చర్ (ఇన్ఫెక్షన్ ఉందేమో తేల్చే పరీక్ష), స్కానింగ్ ఈ వారంలోనే అయిపోవాలి. మూత్రాశయం లోపలికి కెమెరా వేసి చూడాలా, సీటీ అవసరమా అన్నది మీ డాక్టర్ నిర్ణయిస్తారు.

ఇక మాత్రల సంగతి. మీరు చదివింది అబద్ధం కాదు, సగం నిజం. మార్పిడి తర్వాత కిడ్నీ క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్లకంటే సుమారు ఐదు నుంచి ఏడు రెట్లు ఎక్కువ. రోగనిరోధక శక్తిని అణిచే మందుల పాత్ర అందులో ఉంది. అయితే ఆ క్యాన్సర్లలో ఎక్కువ భాగం వచ్చేది కొత్త కిడ్నీలో కాదు, వీపు వైపు కుంచించుకుపోయి ఉన్న సొంత కిడ్నీల్లో. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు వాటిలో నీటితిత్తులు ఏర్పడతాయి. అక్కడే కణితి మొదలయ్యే అవకాశం ఎక్కువ. మీ ఐదేళ్ల డయాలసిస్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పుడు మాత్ర మానేసి రిజెక్షన్ తెచ్చుకుంటే వెళ్లేది ఎక్కడికి? మళ్లీ ఆ డయాలసిస్‌కే కదా!

రిజెక్షన్ చాలాసార్లు చెప్పి రాదు. క్రియాటినిన్ పెరిగేసరికే కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. పైగా మీరు మానేసిన విషయం మీ డాక్టరుకు చెప్పినట్లు ఉత్తరంలో ఎక్కడా లేదు. రక్తంలో మందు లెవెల్ తక్కువ వచ్చిందని ఆయన డోసు పెంచితే, మీరు భయపడి మళ్లీ రెండు పూటలా వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. ఇలాంటి దాగుడుమూతలు నా దగ్గరా చూస్తుంటాను, కోపం కూడా వస్తుంది. ఈరోజే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పండి. పాత డోసు ఎలా మొదలుపెట్టాలో ఆయన్నే చెప్పనివ్వండి. క్రియాటినిన్‌తో పాటు టాక్రోలిమస్ లెవెల్ కూడా చూడాలి. ఆ రక్తం పొద్దున మాత్ర వేసుకోకముందు ఇవ్వాలి. మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోండి. ఇంట్లో వేసుకుని వెళ్తే ఆ అంకెకు విలువ ఉండదు.

క్యాన్సర్ ముప్పు గట్టిగా ఉందనుకుంటే డాక్టర్లు మందులు సర్దుతారు. కొందరికి టాక్రోలిమస్ బదులు సిరోలిమస్, ఎవెరోలిమస్ లాంటి మందులకు మారుస్తారు. వాటికీ నోటిపూత, మూత్రంలో ప్రొటీన్ పోవడం లాంటి ఇబ్బందులున్నాయి. అందరికీ పడవు.

మీరు అడిగినవాటికి వస్తాను. అమ్మ ఇచ్చిన కిడ్నీలోనూ క్యాన్సర్ రావచ్చు, కానీ అరుదు. పాత కిడ్నీలను ముందుజాగ్రత్తగా తీసేయడం మామూలుగా చేయరు. అనుమానాస్పదమైన గడ్డ కనిపిస్తే తీస్తారు. చిన్నదిగా ఉన్నప్పుడే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. పనిచేయని కిడ్నీయే కాబట్టి అది పోయినా క్రియాటినిన్‌లో పెద్ద తేడా రాదు.

మీ పాత స్కానింగ్ రిపోర్టులు ఓసారి తీసి చూడండి. పొత్తికడుపులో పెట్టిన కిడ్నీ సైజు, రక్తప్రసరణ గురించి రాసి ఉంటుంది. సొంత కిడ్నీల గురించి చాలా రిపోర్టుల్లో ఒక్క ముక్క ఉండదు, ఎందుకంటే చూడమని ఎవరూ అడగరు. ఈసారి వెళ్లేటప్పుడు చీటీ మీద ‘సొంత కిడ్నీలు రెండూ చూడాలి’ అని రాయించుకోండి.