గ్రీన్ బెల్టులో ఫైర్ స్టేషన్ కడతామంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా?

మీరు అడిగింది ఇది: గుంటూరు ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు మీ కాలనీ, లేఅవుట్ వేసినప్పుడు గ్రీన్ బెల్టుగా వదిలిన స్థలంలో ఫైర్ స్టేషన్ కడతామని ప్రతిపాదన వచ్చింది, సగంమంది కట్టనివ్వాలని, సగంమంది చెట్లు ముట్టుకోనివ్వమని అంటున్నారు, మీరెటు ఉండాలి అని. కొన్నేళ్ళ క్రితం మా కాలనీలోనూ ఇదే గొడవ జరిగింది. ఆ మీటింగులన్నిట్లో కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. స్టేషన్ కావాలని గట్టిగా అడగండి, గ్రీన్ బెల్టు మాత్రం ఇవ్వకండి. ఈ రెండు మాటలూ ఒకే అర్జీలో రాయండి. విడివిడిగా రాస్తే ఒకటి చదివి రెండోది పక్కన పెట్టేస్తారు.

స్టేషన్ ఎందుకు కావాలో మీ కాలనీలో చాలామందికి తెలియకపోవచ్చు. పాత గుంటూరు వైపు మా బాబాయికి బట్టల గోడౌన్ ఉండేది. ఒక వేసవి మధ్యాహ్నం షార్ట్ సర్క్యూట్ అయి అంటుకుంది. 101కి ఫోన్ చేయగానే బండి బయల్దేరింది, వాళ్ళవైపు నుంచి ఏ ఆలస్యమూ లేదు. దారిలో రైల్వే గేటు పడింది, అది లేచాక బజారు ట్రాఫిక్. బండి చేరేసరికి వెనక గది రేకులు కూలిపోయాయి. లోపల మనుషులెవరూ లేరు, అదొక్కటే అదృష్టం. వచ్చిన సిబ్బందిలో పెద్దాయన ఒకరు మంటలు ఆరాక మా బాబాయితో అన్నారు, 'లోపలి సరుకు మొదటి పది నిమిషాల్లోనే పోతుందండీ, ఆ తర్వాత వస్తే మేం కాపాడేది పక్క కొట్టునే' అని. మా బాబాయి మళ్ళీ ఆ వ్యాపారం పెట్టలేదు.

గుంటూరులో పుట్టినవాళ్ళకి గేట్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. రైలు పట్టాలు ఊరిని ముక్కలు చేశాయి. మూడు వంతెనల కింద ఎప్పుడు చూసినా ఇరుకే, వాన పడితే నీళ్ళు. శంకర్ విలాస్ వంతెన మూతపడ్డాక ఊరంతా చుట్టు తిరగాల్సి వచ్చింది. శ్యామలానగర్ గేటు దగ్గర స్కూలు టైములో నిలబడ్డవాళ్ళకి తెలుసు. అందుకే ఇక్కడ స్టేషన్ ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందన్నదాని కంటే పట్టాలకి ఏ పక్కన ఉందన్నదే ముఖ్యం. పట్టణ ప్రణాళికలకి కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు లక్షల జనాభాకి ఒక ఫైర్ స్టేషనో సబ్ స్టేషనో (చిన్న ఫైర్ స్టేషన్) ఉండాలని ఉంది. 2011 జనాభా లెక్కలకే గుంటూరు ఆరు లక్షలు దాటింది. ఆ తర్వాత ఇన్నర్ రింగ్ రోడ్డు వెంట ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో మీ బాల్కనీలోంచే కనిపిస్తుంది.

మిర్చి సంగతి కూడా మీటింగులో తప్పకుండా ఎత్తండి. మన ఊరి చుట్టూ ఉన్నన్ని మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఇంకెక్కడా ఉండవేమో. ఒక కోల్డ్ స్టోరేజీ అంటుకుంటే అది ఒక పూటలో ఆరే మంట కాదు, టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య నిప్పు రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది, ఆ ఘాటుకి మామూలు మాస్కుతో లోపలికి అడుగు పెట్టలేరు, గోడలు పగలగొట్టి టిక్కీలు బయటికి లాగుతూ తడపాలి. మామూలు వాటర్ టెండర్లో, అంటే నీళ్ళు మోసే ఫైరింజన్లో, పట్టేది 4,500 లీటర్లు, పంపు పూర్తిగా తెరిస్తే మూడు నిమిషాలు కూడా రాదు, మళ్ళీ నింపుకొని రావాలి. అన్ని రోజులూ ఊళ్ళో బండ్లు అక్కడే ఉండిపోతాయి, తెనాలి, మంగళగిరి నుంచి కూడా వస్తాయి. సరిగ్గా ఆ సమయంలో మీ అపార్ట్‌మెంట్‌లో గ్యాస్ లీకై అంటుకుంటే వచ్చే బండి ఏది? మా మీటింగులో ఈ ప్రశ్న అడిగినాక, అప్పటిదాకా 'అసలు స్టేషనే వద్దు' అన్నవాళ్ళు మాట మార్చుకున్నారు.

ఇక స్థలం. గ్రీన్ బెల్టు అని మనం రెండు వేర్వేరు వాటిని పిలుస్తాం. ఒకటి మాస్టర్ ప్లాన్‌లో పచ్చదనం కోసమో కాలువ పక్కన కట్టడాలు లేకుండా వదిలే బఫర్ కోసమో గుర్తించిన భూమి. రెండోది లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం. మన రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం కనీసం పది శాతం అలా వదిలి, స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. మీరు చెప్పినదాన్నిబట్టి మీది రెండోదే. అయినా నోటిమాట నమ్మకుండా ఆమోదించిన లేఅవుట్ ప్లాన్ కాపీ తెచ్చుకోండి. మాస్టర్ ప్లాన్ భూమి అయితే భూ వినియోగం మార్చడానికి నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి, ఆ గడువులోపే రాతపూర్వకంగా ఇవ్వాలి. లేఅవుట్ స్థలమైతే మీకు ఇంకా బలం ఎక్కువ. ప్లాట్లు కొన్నప్పుడు ఆ ఖాళీ స్థలం చూసే కదా కొన్నారు, దాని ఖర్చు కూడా గజం రేటులో కలిపే తీసుకుని ఉంటారు. పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో ఆ కేటాయింపు చెల్లదని చెప్పింది. ఫైర్ స్టేషన్ ప్రైవేటు ఆసుపత్రి లాంటిది కాదు, ప్రజల కోసమే, కాబట్టి ఆ తీర్పు ఒక్కటి చూపిస్తే అయిపోతుందనుకోకండి. అందులోని అసలు మాట, ఊరి ఊపిరి కోసం వదిలిన జాగాని వేరేదానికి మళ్ళించడం తేలిక విషయం కాదని, అది మాత్రం మీకు పనికొస్తుంది.

అధికారులు గ్రీన్ బెల్టు వైపే ఎందుకు చూస్తారో కూడా అర్థం చేసుకోవాలి. అది ఖాళీగా కనిపిస్తుంది, కార్పొరేషన్ పేరు మీద ఉంటుంది, పరిహారం ఇవ్వక్కర్లేదు. వాళ్ళకి చెడు ఉద్దేశం ఏమీ లేదు. నిధులు వచ్చినప్పుడు స్థలం తేలకపోతే పని ఆగిపోతుందని వాళ్ళ టెన్షన్. అందుకే మేం వట్టి చేతులతో వెళ్ళలేదు. మా కాలనీలో రిటైరైన సర్వేయరు గారు ఒకరు ఉన్నారు, ఆయనా ఇద్దరు కుర్రాళ్ళూ చుట్టుపక్కల వాడకంలో లేని ప్రభుత్వ స్థలాలన్నీ తిరిగి సర్వే నంబర్లతో జాబితా రాశారు. పాత నీళ్ళ ట్యాంకు పక్క స్టోర్ యార్డు, పనికిరాని క్వార్టర్లు, చెత్త బండ్లు నిలిపే చోటు. దాన్ని పట్టుకుని వెళితే మాట్లాడే తీరే మారిపోయింది. 'మా పార్కు జోలికి రావద్దు' అన్నప్పుడు మమ్మల్ని నిలబెట్టి మాట్లాడినవాళ్ళు, జాబితా చూశాక కూర్చోమన్నారు. చివరికి స్టోర్ యార్డు తేలింది. వెంటనే కాదు, మధ్యలో ఫైలు ఎక్కడో ఆగింది, ఇద్దరు ఆఫీసర్లు మారారు, తిరగలేక కొందరు విసిగిపోయారు. కానీ ఇప్పుడు అక్కడ బండి ఉంది, మా చెట్లూ ఉన్నాయి.

జాబితా తయారుచేసేటప్పుడు స్టేషన్‌కి నిజంగా ఏం కావాలో తెలిసి ఉండాలి. ఆ 2014 మార్గదర్శకాల ప్రకారం సిబ్బంది క్వార్టర్లతో కలిపి పూర్తి స్టేషన్‌కి ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు, సబ్ స్టేషన్‌కి 0.6 హెక్టారు, ఎకరన్నర. క్వార్టర్లు వేరేచోట ఇస్తే ఇంకా తక్కువలో సర్దుకోవచ్చు. వెడల్పాటి రోడ్డు మీదికి బండి నేరుగా రావాలి, ఎదురుగా డివైడర్‌లో దారి ఉండాలి, గేటు ముందు స్కూలు బస్సులు ఆగకూడదు, బోరో సంపో ఉండాలి, డ్రిల్లు చేసుకోవడానికి చదునైన జాగా ఉండాలి. మీ గ్రీన్ బెల్టు కాలనీ లోపలి సందులో ఉందన్నారు కదా, అంత పెద్ద బండి మలుపు తిరిగి మెయిన్ రోడ్డెక్కడానికే టైము పోతుంది. ఇది పచ్చదనంతో సంబంధం లేని అభ్యంతరం, ఫైర్ శాఖ వాళ్ళే దీన్ని మొదట ఒప్పుకుంటారు.

ఇంకొకటి, వానాకాలంలో ఆ స్థలంలో నీళ్ళు నిలుస్తాయేమో చూడండి. చాలా లేఅవుట్లలో అమ్ముడుపోని పల్లం జాగానే గ్రీన్ బెల్టుగా వదులుతారు, చుట్టూ పడ్డ వాన అక్కడికే చేరి ఇంకుతుంది. దాన్ని మట్టి పోసి ఎత్తు చేస్తే ఆ నీళ్ళు మీ ఇళ్ళలోకి వస్తాయి. ఎత్తు చేయకుండా కడితే స్టేషనే మునుగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు, నీళ్ళు తగ్గాక వీధుల్లో, ఇళ్ళలో బురద కడిగింది ఫైరింజన్లే. మన దగ్గర వరదలో ఆదుకోవడం కూడా ఆ శాఖ పనే, అలాంటి స్టేషన్‌ని పల్లంలో కట్టకూడదు.

మీ వాళ్ళలో సైరన్ మోతకి నిద్ర పట్టదని, ప్లాట్ల రేట్లు పడిపోతాయని అంటున్నవాళ్ళని దయచేసి ఆఫీసరు ముందు మాట్లాడనివ్వకండి. ఆ ఒక్క మాటతో మిగతా వాదనంతా స్వార్థంలా కనిపిస్తుంది. నాకు అలాంటి మాట వింటే బాధ కూడా వేస్తుంది, ఆ సైరన్ ఎవరి ఇంటికోసం మోగుతుందో ఆలోచించాలి కదా.

వేరే స్థలం నిజంగానే ఏదీ దొరకదని తేలితే? అప్పుడు కూడా మొత్తం ఇవ్వక్కర్లేదు. రోడ్డువైపు అంచు వరకే సబ్ స్టేషన్‌కి ఇచ్చి, పోయినంత జాగా మీ కాలనీకి నడిచి వెళ్ళే దూరంలోనే పార్కుగా చూపించాలని, ఆ ఉత్తర్వు వచ్చాకే చెట్టు మీద గొడ్డలి పడాలని అడగొచ్చు. ఈ మాట మాత్రం మీ అంతట మీరు ముందుగా అనకండి, అన్నారంటే బేరం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఈ వారంలోనే పది రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌కి ఒకటి, ఫైర్ శాఖకి ఒకటి సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. స్థలం ఎంపిక నివేదిక, పరిశీలించి వదిలేసిన ఇతర స్థలాల వివరాలు, గత మూడేళ్ళలో మీ వైపు నుంచి వచ్చిన ఫైర్ కాల్స్, బండి చేరడానికి పట్టిన సమయం అడగండి. జవాబుకి ముప్పై రోజుల గడువుంది కాబట్టి ఆలస్యం చేయకండి. తర్వాతి మీటింగుకి కార్పొరేటరు గారితో పాటు ఫైర్ ఆఫీసరు గారిని కూడా పిలవండి, మా దగ్గర ఆయన్ని ఎవరూ పిలవకుండానే రెండు మీటింగులు అరుచుకోవడంతో సరిపోయింది. ఆయన వచ్చాక ఒక్కటే అడగండి: 'మా వైపు మీకు ఏ రోడ్డు మీద స్టేషన్ ఉంటే బండి త్వరగా వెళ్తుంది?' ఆయన చూపించిన రోడ్డు వెంటే స్థలాలు వెతకడం మొదలుపెట్టండి.