మందపు స్మియర్ ఊడిపోవడం, నీలి చుక్కలు: సమాధానం

మలేరియా పరీక్షకు స్లయిడ్ మీద పరిచే మందపు రక్తపు పొర (మందపు స్మియర్) కడిగేటప్పుడు ఊడిపోతోందని, మిగిలినచోట కనబడే చుక్కలు క్రిములో మరకలో తేలడం లేదని అడిగారు కదండీ. ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

ఊడిపోతోందంటే ముందు అనుమానించాల్సింది సరిగా ఆరకపోవడం, లేదా రక్తం ఎక్కువ కావడం. 6 మైక్రోలీటర్లు చాలు, 10–12 మిల్లీమీటర్ల వెడల్పున పరచండి. తడిగా ఉండగానే కింద దినపత్రిక పెడితే అక్షరాలు లీలగా కనబడాలి. పాత పద్ధతే, కానీ ఇప్పటికీ పనికొస్తుంది. స్లయిడ్‌కి జిడ్డున్నా పట్టు దొరకదు. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా కలిపే రసాయనం) ట్యూబు రక్తం కంటే వేలి రక్తమే బాగా అతుక్కుంటుంది. త్వరగా ఆరాలని వేడి తగిలించారో, ఎర్రకణాలు ఫిక్సయిపోయి (గట్టిపడి అలాగే నిలిచిపోయి) కరగవు, అంతా మసకే. పలుచటి స్మియర్‌కి పెట్టే మెథనాల్ దీనికి తగిలినా అదే గతి.

చుక్కలకు కారణం ఎక్కువగా నిలవ ఉన్న జీమ్సా (క్రిములకు రంగు పట్టించే) ద్రావణమే. ఏ పూటకాపూట పీహెచ్ 7.2 బఫర్‌తో (ఆమ్ల-క్షార స్థాయిని మారకుండా ఉంచే ద్రావణంతో) కలుపుకోండి, కుళాయి నీళ్లు వద్దు. 3 శాతమైతే 45 నిమిషాలు, తొందరైతే 10 శాతం 10 నిమిషాలు. రంగును ఒంపేయకుండా, అంచు నుంచి మెల్లగా బఫర్ పోసి పైన తేలిన పొరను నెట్టేయండి. క్రిమి అయితే ఎర్రటి క్రొమాటిన్ (కేంద్రక పదార్థం), నీలి సైటోప్లాజం (దాని చుట్టూ ఉండే కణద్రవ్యం) రెండూ ఉండాలి. ఒక్క రంగే కనబడితే లెక్కలోకి తీసుకోకండి. కనీసం 100 ఫీల్డులు (మైక్రోస్కోపులో ఒక్కసారికి కనబడే మేర ఒక ఫీల్డు) చూడకుండా నెగటివ్ అని మాత్రం రాయొద్దు.